తోడల్లుడి పే స్లిప్పు

ఆ నెల సూపర్‌వైజర్ రెండు స్లిప్పులూ నా చేతిలోనే పెట్టాడు. "మీ వాడిదేగా, ఇచ్చెయ్" అన్నాడు. మా వాడంటే నా తోడల్లుడు, మా ఆవిడ చెల్లెలి భర్త. అట్టపెట్టెల ఫ్యాక్టరీలో నాకు పదకొండేళ్ల సర్వీసు. నాలుగేళ్ల కిందట అతన్ని తీసుకొచ్చి పక్క మిషన్ మీద నిలబెట్టింది నేనే.

మా దగ్గర స్లిప్పు చదవడమంటే అట్టడుగు గీత చూడడమే. చేతికొచ్చేది అక్కడ ఉంటుంది. పైనంతా చీమల బారు, ఎవరూ జోలికి పోరు. మడతకు కొట్టిన పిన్ను గోటితో ఊడదీసి అతని అడుగు గీత చూశాను. నాకంటే రెండు వేల పైచిలుకు ఎక్కువ!

పిన్ను మళ్లీ గుచ్చి ఇచ్చాను. "థాంక్స్ అన్నయ్యా" అని నవ్వాడు. ఆ నవ్వు కూడా ఎక్కువ జీతం వాడి నవ్వులాగే తోచింది.

ఇంట్లో మా ఆవిడ ఇంకాస్త ఎగదోసింది.

"మా చెల్లెలు వాషింగ్ మెషిన్ కొనుక్కుంది. నేనింకా బండ మీద బాదుతూనే ఉన్నాను."

"చేతులకు వ్యాయామం."

"మీ నోటికి అది అక్కర్లేదు, బాగానే ఆడుతోంది."

పొద్దున దీపం పెట్టి కళ్లు మూసుకుంటే దేవుడి పేరుకు బదులు ఆ అంకె నాలుక మీదికి వచ్చింది. ఇక ఆగలేక జీతాల లెక్కలు చూసే గుమాస్తా అమ్మాయి దగ్గరికి వెళ్లాను.

"పదకొండేళ్లుగా ఒళ్లు వంచుతున్నానమ్మా. నిన్నగాక మొన్న వచ్చినవాడికి ఎక్కువా?"

"ఆయన స్లిప్పు మీరెందుకు చూశారు బాబాయ్?"

నా స్లిప్పు ఆమె ముందుకు తోశాను. ఆమె దాని మీద పెన్సిలు పెట్టింది.

"పైనుంచి రండి. మొత్తం జీతం ఇది. పోయినేడు రేట్లు మార్చినప్పటినుంచి మిషన్ మీద వాళ్లందరికీ ఒకటే. ఇదిగో, మీకు ప్రావిడెంట్ ఫండు కోత. కంపెనీ కూడా తన వాటా వేసి మీ పేర జమ చేస్తుంది. ఆయన్ని నాలుగేళ్లుగా ట్రైనీ అనే చూపిస్తున్నారు. కోత లేదు కనక చేతికి ఎక్కువ. కంపెనీ వాటా మాత్రం లేదు." గొంతు తగ్గించింది. "పూర్తి పని చేయించుకుంటూ ఇలా రాయడం చట్టం ఒప్పుకోదు. నేను చెప్పానని మాత్రం అనకండి."

పాపం అనుకోవాల్సింది. 'బాగా అయింది' అనుకున్నాను. వారం రోజులు హాయిగా నిద్రపట్టింది.

శుక్రవారం టీ వేళ అతనో కాగితం తెచ్చాడు. "ట్రైనీగా ఉండడం నాకిష్టమే అని ఏటా రాయించుకుంటారు అన్నయ్యా. రేపు సంతకం పెట్టాలి. ఓసారి చూస్తావా?"

"కళ్లజోడు తేలేదు."

"జేబులో ఉందిగా?"

"అది దూరపు చూపుది."

మర్నాడు దీపం ముందు కూర్చుని అడిగాను. స్వామీ, నేను నోరు మూసుకుంటే అతనికి ప్రతి నెలా నాకంటే ఎక్కువే వస్తుంది. ముసలితనానికి మాత్రం ఏమీ మిగలదు. ఇందులో నేను గెలిచేదేమిటి? ఒత్తి కాస్త రెపరెపలాడింది, అంతే. చెప్పులు వేసుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గరికి పరుగెత్తాను.

"సంతకం పెట్టకు" అని అంతా చెప్పాను.

"నీకెలా తెలిసింది?"

"నీ స్లిప్పు విప్పాను."

"తెలుసు. పిన్నుకు రెండు చిల్లులుండాలి. నాలుగున్నాయి." అన్నాడు. "చూసిందేదో అడిగితే నువ్వే చెబుతావులే అని నిన్న ఆ కాగితం తెచ్చాను. దూరపు చూపన్నావు."

అతను సంతకం పెట్టలేదు. ఇద్దరం సెలవు పెట్టి కార్మిక అధికారి ఆఫీసుకు వెళ్లాం. పక్క మిషన్ మీద నాలుగేళ్లుగా నాతో సమానంగా పనిచేస్తున్నాడని సాక్ష్యం రాసిచ్చాను.

మూడు నెలలకు అతను స్లిప్పు తెచ్చి నా ముందు పెట్టాడు. "చదువు అన్నయ్యా. పిన్ను నేనే తీశాను."

ముందుగా నా కళ్లు అడుగు గీత మీదికే పోయాయి. ఇద్దరిదీ ఒకటే. ప్రాణం కుదుటపడింది.

"నాలుగేళ్ల కంపెనీ వాటా కూడా ఒక్కసారే జమ చేశారు" అన్నాడు.

ఒక్కసారే! నాకెప్పుడూ అలా పడలేదు. పాత కుళ్లు మళ్లీ తలెత్తింది. స్వామీ, దీనికి కోత ఏ గీతలో రాశావు?