మనిషి పాత్రలో ఝాన్సీలక్ష్మి

ఝాన్సీలక్ష్మికి వేసవి ఇంటర్న్‌షిప్ దొరికిందన్న సంగతి ఝాన్సీలక్ష్మికే అందరికన్నా ఆఖర్న తెలిసింది. ఉద్యోగం ఇచ్చిన చక్రధర్ గారు ఆ ముక్క ముందుగా వాళ్లమ్మ రాధిక చెవిన వేశారు. అదీ ఎవరిదో సీమంతంలో, పులిహోర గిన్నె పక్కన నిలబడి. రాధిక చేతిలో పళ్లెం ఉండగానే కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో ఉన్న తెలుగువాళ్లలో సగం మందికి చెప్పేసింది. మిగతా సగానికి వాట్సాప్ ఉండనే ఉంది.

ఆ సమయానికి ఝాన్సీ హామిల్టన్‌లో, మరో ముగ్గురమ్మాయిలతో కలిసి అద్దెకుంటున్న ఇంట్లో, పరీక్షకు చదువుతూ గోంగూర పచ్చడితో బ్రెడ్డు తింటోంది. మెకట్రానిక్స్ రెండో ఏడు. జనవరి నుంచి ఆమె అప్లై చేయని కంపెనీ ఒంటారియోలో మిగల్లేదు. కొందరు జవాబే ఇవ్వలేదు, కొందరు మర్యాదగా వద్దన్నారు. ఒక కంపెనీ అయితే రెండుసార్లు వద్దంది, ఒకసారి చాలదన్నట్టు.

"రోబోలు చేసే కంపెనీ అటే! చక్రధర్ గారే స్వయంగా అడిగారు," అంది రాధిక ఫోన్‌లో.

"ఏం పనమ్మా?"

"రోబోల పనే. ఇంకేం పని ఉంటుంది?"

చక్రధర్ గారు హైదరాబాద్‌లో చక్రధర్‌గా పుట్టి, టెక్సస్‌లో చక్‌గా మారి, కెనడా వచ్చాక తెలుగువాళ్ల సభల్లో మళ్లీ చక్రధర్ గారైన మనిషి. ప్రతి ఉగాదికీ ఆయన స్పాన్సర్. వేదిక మీద పంచాంగం చదివే పంతులు గారి తలకన్నా ఆయన కంపెనీ బ్యానరే పైన ఉంటుంది. కంపెనీ మాత్రం కేంబ్రిడ్జ్ శివార్లలో, టైర్ల షాపు వెనకాల ఒక రేకుల షెడ్డు. అందులో ఆయన, భరద్వాజ్ అనే ప్రోగ్రామరు, ఒక కాఫీ మెషీను, ఒక రోబో.

రోబో పేరు అశ్వ. చేతులూ తలా ఉంటాయనుకుంటే పొరపాటు. మోకాలెత్తున ఉండే బల్లపరుపు బండి, కింద చక్రాలు, ముందు ఒక కెమెరా. వేర్‌హౌసుల్లో సామాన్ల అలమరాను వీపున పెట్టుకుని ఇటునుంచి అటు మోయడం దాని పని.

మొదటి రోజు ఝాన్సీ కొత్త షర్టు వేసుకుని, పుస్తకాలు తిరగేసి మరీ వెళ్లింది.

"నేనేం చేయాలి అంకుల్?"

"ఆఫీస్‌ల అంకుల్ వద్దమ్మా. చక్ అను," అన్నారాయన. ఆ మాట ఆమె నోట రాలేదు. వేసవంతా ఏమండీ అనీ, ఇదిగో అనీ నెట్టుకొచ్చింది. "నీ రోల్ చాలా క్రిటికల్. నువ్వు మనిషివి."

"అంటే?"

"అరె, సింపుల్. అశ్వ వేర్‌హౌస్‌ల తిరుగుతది. మనుషులు అడ్డమొస్తే ఆగాలె. ఆగుడు నేర్చుకోవాలంటే ఎవరో ఒకరు అడ్డం రావాలె కదా? ఆ ఎవరో ఒకరు నువ్వే."

ఝాన్సీ భరద్వాజ్ వంక చూసింది. ఆరడుగుల పొడుగు మనిషి, ల్యాప్‌టాప్ వెనక వీలైనంత చిన్నగా అయ్యి కూర్చున్నాడు. అప్పటిదాకా అడ్డం నిలబడింది అతనేనని, మోకాలి కింది నల్లటి మచ్చలు తర్వాత చెప్పాయి.

ఆ విధంగా ఝాన్సీలక్ష్మి, హైస్కూల్లో ఫిజిక్స్‌కి ప్రైజు తెచ్చుకున్న పిల్ల, షెడ్డులో ఆ గోడ నుంచి ఈ గోడకి నడవడం మొదలుపెట్టింది. నిదానంగా నడిచింది, గబగబా నడిచింది, ఫోన్ చూసుకుంటూ నడిచింది, పెట్టె మోస్తూ నడిచింది. ఒకోసారి వేర్‌హౌస్‌లో బద్ధకస్తులూ ఉంటారు కాబట్టి ఊరికే నిలబడింది. అశ్వ వచ్చి కాలికి తగిలేది. ఎంత అరిచినా దున్నపోతు మీద వాన కురిసినట్టే. అందుకే ఆమె దానికి దున్నపోతని పేరు పెట్టుకుంది.

ఇంట్లో రాధిక మాత్రం, "మా అమ్మాయి రోబోలకి చూపు తెప్పిస్తోందండీ," అని స్పీకర్‌లో పెట్టి మరీ చెప్పేది. ఝాన్సీ కూడా తక్కువ తినలేదు. లింక్డిన్‌లో తన ఫొటో కింద, యంత్రాలకు మానవత్వాన్ని నేర్పుతున్నాను అని ఇంగ్లీషులో రాసుకుంది. క్లాసులో ఎప్పుడూ పలకరించని వాళ్లు కూడా చప్పట్ల బొమ్మలు పెట్టారు. రాత్రి పిక్కలకు అమృతాంజనం రాసుకుంటూ వాటిని లెక్కపెట్టుకునేది.

జూన్ సగానికి వచ్చేసరికి దున్నపోతు ఆగడం మొదలుపెట్టింది. ఝాన్సీ ఎటునుంచి వచ్చినా, ఎలా వచ్చినా, జానెడు దూరంలో టక్కున ఆగిపోయేది. చక్రధర్ గారు ఆ రోజు అందరికీ పిజ్జా తెప్పించారు. పిజ్జా డబ్బా అందుకోవడానికి లేచిన భరద్వాజ్ అశ్వకి అడ్డం వెళ్లాడు. అది అతని పాదం మీదుగా వెళ్లిపోయింది.

భరద్వాజ్ ఒంటికాలి మీద గెంతుతూనే సంగతి చెప్పాడు. "నేను నిలబడ్డప్పుడు రికార్డింగే లేదు, నేర్పిన వీడియోలన్నీ ఝాన్సీవే కదండీ. దీని దృష్టిలో మనిషంటే ఝాన్సీయే. ఈ ఎత్తు, ఈ జడ, ఈ నడక. మిగతా వాళ్లం దీనికి అలమరాలం, నీడలం. పొట్టివాళ్లు, పొడుగువాళ్లు, ముసలివాళ్లు, ఓ యాభై మందిని నడిపించాలి."

"డెమో వచ్చే వారమే. ఇప్పుడు యాభై మందిని యాడ తేవాలె?" అన్నారు చక్రధర్ గారు. పిజ్జా ముక్క అందుకుంటూ, "అసలు నువ్వు సరిగ్గా నడవలేదు భరద్వాజ్. ఝాన్సీ, అతనికి నీ నడక జర నేర్పు," అన్నారు.

ఆయన సరదాకి అనలేదు. రెండు మధ్యాహ్నాలు ఝాన్సీ ముందూ, ఆమె వెనక మోకాళ్లు వంచి ఎత్తు తగ్గించుకుని భరద్వాజూ, షెడ్డు చుట్టూ తిరిగారు. జడ బదులు మెడలో ఒక నల్ల కేబుల్ వేలాడదీశారు. అశ్వ దానికి కూడా ఆగలేదు.

"ఇది తప్పు కదా? వేర్‌హౌస్‌లో ఎవరికైనా తగిలితే?" అని ఝాన్సీ వెళ్లి ఆయన్ని అడిగింది.

"గుడ్ పాయింట్. నెక్స్ట్ వర్షన్‌ల చూద్దాం. నువ్వు పరేషాన్ కాకు."

డెమోకి వాన్ అనే ఊరి నుంచి ఒక పెద్ద వేర్‌హౌస్ మేనేజరు లూచియానా, ఆమెతో ఇద్దరు మనుషులు వచ్చారు. బల్ల మీద సమోసాలు, కాఫీ. చక్రధర్ గారు సూటు వేసుకుని, అశ్వ దారిలో నిలబడి, చేతులు చాచి, "నా ప్రాణాన్ని నా టెక్నాలజీ చేతుల్లో పెడుతున్నాను," అన్నారు ఇంగ్లీషులో.

టెక్నాలజీ నెమ్మదిగా వచ్చి ఆయన కాళ్లకు ఆనింది. ఆగలేదు. ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు. అది ముందుకు వచ్చింది. "చూడండి, ఎంత మృదువుగా ఉందో," అంటూ ఆయన మరో అడుగు వెనక్కి వేశారు. అలా మార్కెట్ ఎంత పెద్దదో, భవిష్యత్తు ఎంత గొప్పదో చెబుతూ, చెదరని చిరునవ్వుతో, వెనక్కి వెనక్కి నడుస్తూ సమోసాల బల్ల దాకా వెళ్లారు. భరద్వాజ్ పరుగెత్తాడు. బండిని ఆపే ఎర్ర బటన్ వెనక వైపు ఉంటుంది. ఫొటోల్లో అందంగా లేదని దాని మీద కంపెనీ స్టిక్కరు అంటించింది చక్రధర్ గారే. భరద్వాజ్ గోళ్లతో స్టిక్కరు గీకుతుండగానే బల్ల కదిలి కాఫీ ఒలికింది. ఆయన సమోసాల్లో చేయి పెట్టి నిలదొక్కుకున్నారు.

ఝాన్సీ వెళ్లి బండికీ ఆయనకూ మధ్యన కాలు పెట్టి నిలబడింది. అశ్వ టక్కున ఆగింది, పెంపుడు కుక్కలా.

లూచియానా మనుషులు చప్పట్లు కొట్టారు. లూచియానా కొట్టలేదు. "ఈ అమ్మాయి ఒక్కో రోబోకీ ఒకరు చొప్పున వస్తుందా?" అని అడిగింది.

దాచడానికి ఏమీ మిగల్లేదు. భరద్వాజ్ ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఇక అయిపోయింది, ఇంటికి పోవచ్చు అనుకుంది ఝాన్సీ, కాస్త సంతోషంగానే. లూచియానా మాత్రం గడ్డం గోక్కుని, "అయితే ఒకటే దారి. ఇది తిరిగే వరసల్లో మనుషులే లేకుండా చేస్తే సరి," అంది.

"ఎగ్జాక్ట్‌లీ! మా విజన్ అదే," అన్నారు చక్రధర్ గారు చేతికంటిన బంగాళాదుంప కూర తుడుచుకుంటూ.

జూలైలో, లూచియానా ఆర్డరిచ్చిన అశ్వలు వాన్ చేరాయి. అక్కడ వాటిని దించి, తిప్పి చూపించడానికి భరద్వాజ్‌తో పాటు ఝాన్సీ కూడా వెళ్లింది. వరసలన్నీ ఖాళీ. నేల మీద పసుపు గీతలు, వాటి మధ్య దున్నపోతుల మంద. ఒక్కటీ ఎవరికీ తగలడం లేదు, తగలడానికి ఎవరూ లేరు. పక్కన ఫ్రీజర్ గది తలుపు తీసుకుని చలి పొగతో పాటు ఒకావిడ బయటికి వచ్చింది. యాభై దాటి ఉంటాయి. మందపాటి ఫ్రీజర్ కోటు, ఉన్ని టోపీ, టోపీ కింద బొట్టు.

"తెలుగమ్మాయివా? ఇవన్నీ చేసింది మన తెలుగువాళ్లే అని మావాళ్లు చెప్పారు. నువ్వేనా తల్లీ?" అంది. పేరు బేబీ అట, సొంతూరు తణుకు.

"నేను చేయలేదు ఆంటీ. మీరు ఏ సెక్షన్?"

"నిన్నమొన్నటిదాకా ఇక్కడే, ఈ వరసల్లోనే తిరిగేదాన్ని. ఇవి వస్తున్నాయని మమ్మల్ని ఫ్రీజర్ వైపు వేశారు. మోకాళ్లు కొయ్యబారిపోతున్నాయనుకో. అయినా మనమ్మాయి ఇంత పైకొచ్చిందంటే ఎంత గర్వంగా ఉందో! ఒక సెల్ఫీ తీసుకుందామా? మా అమ్మాయికి చూపిస్తా, చదవవే అంటే చదవదు."

చేతి తొడుగు పళ్లతో లాగి తీసి, ఫోన్ పట్టుకుంది. వేళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. ఝాన్సీ, ఆమె, వెనకాల అశ్వ. నవ్వమంటే ఝాన్సీ నవ్వింది కూడా. ఆవిడ నంబరు అడిగి ఫొటో అక్కడికక్కడే పంపింది.

ఝాన్సీ తిన్నగా లూచియానా గదికి వెళ్లి, ఫ్రీజర్ వైపు వేసినవాళ్లను వెనక్కి తెమ్మని అడిగింది. లూచియానా శ్రద్ధగా విని, "నీ ఫీడ్‌బ్యాక్‌కు చాలా థాంక్స్," అని తలుపు దాకా సాగనంపింది.

మర్నాడు చక్రధర్ గారు పిలిచి, ప్రాజెక్టు సక్సెస్ అయిందనీ, అందుకు కారణం ఆమేననీ, ఇక మనిషి అవసరం లేదు కాబట్టి సోమవారం నుంచి రానక్కర్లేదనీ చెప్పారు. రాధిక ఆ సంగతిని, "పని ముందే పూర్తి చేసేసిందండీ," అని ఊరంతా చెప్పింది. ఝాన్సీ మాత్రం పడుకోబోయే ముందు ఆ ఫొటో తీసి చూసుకునేది. చూసినప్పుడల్లా తన నవ్వు మీద తనకే రోత పుట్టేది.

దసరాకి చక్రధర్ గారింట్లో బొమ్మల కొలువు పేరంటం. కాలేజీ నుంచి వచ్చిన ఝాన్సీని రాధిక లంగా ఓణీ కట్టించి తీసుకెళ్లింది. హాలు నిండా జనం. చక్రధర్ గారు ఆమె భుజం మీద చేయి వేసి, "ఈమె మా మొదటి రోబోటిక్స్ ఇంజినీర్!" అన్నారు.

"ఇంజినీర్ని కాదు అంకుల్. అడ్డం నిలబడ్డాను, అంతే," అంది ఝాన్సీ.

"చూశారా, ఎంత వినయమో!" అని ఆయన పెద్దగా నవ్వారు. అందరూ నవ్వారు.

"వినయం కాదు. ఆ బండికి మనుషులు కనిపించరు. దానికి చూడటం నేర్పడం కష్టమని, మనుషుల్నే తీసేశారు. బేబీ గారని తణుకావిడ, ఇప్పుడు వాన్‌లో ఫ్రీజర్‌లో పని చేస్తోంది. చేతులు వాచిపోయాయి. నా వల్లేనని తెలియక నాతో సెల్ఫీ దిగింది."

ఎవరూ నవ్వలేదు. ఎవరో శనగల పళ్లెం తెచ్చి ఆమె చేతికి అందించారు, నోటికి పని పెడదామని కాబోలు. తాంబూలం ఇచ్చేటప్పుడు చక్రధర్ గారి భార్య రాధిక మొహం చూడలేదు.

కారులో రాధిక విరుచుకుపడింది. "నలుగురిలో నా తల తీసేశావు! ఉద్యోగం ఇచ్చిన పాపానికి ఆయన్ని అంత మాటంటావా?"

"ఉన్నదే చెప్పానమ్మా."

"ఉన్నదంతా చెబుతారుటే ఎవరైనా?"

డ్రైవ్ చేస్తున్న తండ్రి రామ్మోహన్ కిటికీ వైపు తిరిగి దగ్గాడు. అది దగ్గు కాదని ఇద్దరికీ తెలుసు.

ఆదివారానికి రాధికను మహిళల వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. ఎవరు తీశారో, ఎందుకు తీశారో ఒక్కరూ చెప్పలేదు. ఆరేళ్లుగా ఆ గ్రూపులో రోజూ పొద్దున్నే శుభోదయం పెట్టిన మనిషి. దీపావళికి ఎవరింట్లో ఏం వండుతున్నారో కూడా తెలియకుండా పోయింది. కొన్నాళ్లు రాధిక, ఝాన్సీ చేసిన ఫోనే ఎత్తలేదు. ఎత్తిన రోజున క్షేమసమాచారాలేవీ అడగలేదు.

"ఆ తణుకావిడ, బేబీ గారు. ఆవిడ నంబరు నీ దగ్గర ఉందా?"

"ఉందమ్మా. ఎందుకు?"

"ఎందుకేమిటే. తణుకంటే మా పిన్నిగారి ఊరు. మోకాళ్లకి ఏం రాసుకుంటోందో కనుక్కుందామని."

ఝాన్సీ నంబరు పంపింది.