నీళ్లూరిన అడుగులు

పులికాటు సరస్సు ఒడ్డున ఆ రేవులో ఆదివారం సాయంత్రమైతే ఇళ్లల్లో ఎవరూ ఉండరు. పిల్లాజెల్లాతో కట్టమీదికి షికారు బయల్దేరతారు. కట్టకి ఒకపక్క మద్రాసుకి కట్టెలూ ఉప్పూ మోసుకుపోయే పడవలు, ఇంకోపక్క కనుచూపుమేర పర్ర, అంటే ఉప్పునీళ్ల బురదనేల. చలికాలంలో గులాబిరంగు కొంగలు అక్కడ గుంపులుగా వచ్చి దిగుతాయి. అయితే ఊరి జనం వచ్చేది కొంగల కోసం కాదు. వాటిని రోజూ చూస్తూనే ఉంటారు. వాళ్లొచ్చేది అడుగులు చూసుకోవడానికి.

పర్ర అంచున ఉత్తకాళ్లతో నడిచినవాళ్ల అడుగులు చెరిగిపోవు. వాన పడనీ, పోటు రానీ, ఎక్కడివి అక్కడే ఉంటాయి. పిల్లలు ఏటేటా తాతల అడుగుల్లో కాళ్లు పెట్టి ఎంత ఎదిగారో కొలుచుకుంటారు. కొత్తకోడలొస్తే అత్తమామల అడుగుల పక్కన ఆమెచేత ఒక అడుగు వేయిస్తారు. మనిషి బతికున్నంతకాలం అడుగు పొడిగా ఉంటుంది. పోయిననాడు అందులో నీళ్లూరతాయి, ఇక ఏ ఎండకీ ఇంకవు. దూరాన ఉన్న కొడుకు క్షేమం తెలియాలంటే ఆ ఊళ్లో ఎవరూ ఉత్తరం కోసం ఎదురుచూడరు. కట్టమీదికి పోయి ఒకసారి చూసొస్తారు, అంతే.

యుద్ధం ముగిసిన మరుసటి చలికాలం, అలాంటి ఒక ఆదివారం, ధనంజయ భార్యనీ ఆరేళ్ల కూతుర్నీ తీసుకుని ఆ కట్టమీదికి వచ్చాడు. భార్యే అతన్ని లాక్కొచ్చింది అనడం న్యాయం.

అతను తిరుపతిలో ఒక సత్రంలో గుమాస్తా. పెళ్లయిన ఎనిమిదేళ్లుగా పంకజాక్షిది ఒకటే కోరిక. తాను కళ్లతో చూడని మామగారి అడుగుల పక్కన తన అడుగు వెయ్యాలి, అలివేలు చేత కూడా వేయించాలి. ధనంజయ ఏటా ఒక సాకు చెప్పేవాడు. యుద్ధం అన్నాడు, రైళ్లలో కాలు పెట్టే చోటు లేదన్నాడు, సత్రంలో సెలవివ్వరన్నాడు. యుద్ధం అయిపోయింది, దాంతోపాటు సాకులూ అయిపోయాయి. రేణిగుంటలో రైలెక్కి, గూడూరులో మారి, సూళ్లూరుపేటలో దిగి బండి కట్టించుకుని వచ్చారు. దారి పొడుగునా పంకజాక్షి కూతురికి తాత సంగతులు చెబుతూనే ఉంది. అన్నీ ధనంజయ ఆమెకి చెప్పినవే.

చెప్పనిది ఒకటుంది. అతని తండ్రి పెంచలయ్య చనిపోలేదు.

వడమాలపేట దగ్గర ఉన్న రెండెకరాలూ బీడుపడి, భార్య కూడా పోయాక, పెంచలయ్య కొడుకుని చదువుకోసం బావమరిది గోవిందయ్య ఇంట్లో వదిలి ఈ రేవుకి వచ్చాడు. గుల్ల ఏరే పనిలో చేరాడు. మోకాటిలోతు నీళ్లలో నిలబడి, అడుగున బురదలో గుల్లల్ని కాలివేళ్లతో తడిమి పట్టి, గంపకెత్తి సున్నపుబట్టీకి చేర్చాలి. సెలవుల్లో కొడుకు వచ్చి తండ్రి వెంట తిరిగేవాడు. చిన్నప్పుడు తండ్రి ఒంటి బురదవాసన అతనికి తెలిసేది కాదు. ఇంగ్లీషు చదువు వంటబట్టేకొద్దీ ఆ వాసన కూడా ముక్కుకి తగలడం మొదలుపెట్టింది.

పుత్తూరులో పెళ్లిచూపులనాడు పంకజాక్షి తండ్రి, అబ్బాయి తండ్రి ఏం చేస్తాడని అడిగాడు. గోవిందయ్య గొంతు సవరించుకునేలోపే ధనంజయ నాయన లేడనేశాడు. ఎవరూ అనమనలేదు. ఆ గుల్లగంప కళ్లముందు మెదిలింది, మాట నోరు జారింది. గోవిందయ్య తల వంచుకుని తమలపాకు ఈనెలు తీస్తూ కూర్చున్నాడు. తర్వాత రెండేళ్లకి ఆయనా పోయాడు. అబద్ధం బరువు మొత్తం ధనంజయ ఒక్కడి మీదే పడింది. తండ్రికి ఒక కార్డుముక్క రాయడానికి సిగ్గు, రాయనందుకు ఇంకా సిగ్గు. పంకజాక్షి భక్తిగల మనిషి, ఏటా మామగారి తద్దినం మరిచిపోకుండా పెట్టించేది. బతికున్న తండ్రి పేరు చెప్పి కాకులకి అన్నం పెట్టేటప్పుడు ధనంజయ తల పక్కకి తిప్పుకునేవాడు. తండ్రి మీద బెంగనుకుని ఆమె కళ్లు తుడుచుకునేది.

కట్టమీద చెప్పులు విప్పనివాడు ధనంజయ ఒక్కడే. బూటుకాలిని ఆ బురద లెక్కలోకి తీసుకోదని, తను వచ్చిన ఆనవాలు మిగలదని అతనికి తెలుసు. పెంచలయ్య చీకటిపడితేగానీ నీళ్లలోంచి బయటికి రాడు. ఈలోపల ఎవరివో నీళ్లున్న అడుగులు చూపించి, మళ్లీ బండెక్కేయాలని అతని ఎత్తు.

తండ్రి అడుగులు దూరం నుంచే గుర్తుపట్టాడు. గుల్ల తడిమి తడిమి వేళ్లన్నీ విసనకర్రలా విచ్చుకున్న పాదాలవి. పొడిగా, నిక్షేపంగా ఉన్నాయి. ఊపిరి పీల్చుకున్నాడు, ఆ వెంటనే తనమీద తనకే రోత పుట్టింది. వాటి పక్కనే ఇంకొక వరస అడుగులున్నాయి, నిండా నీళ్లు. ధనంజయ సరిగ్గా చూడనైనా చూడకుండా ఇవేనని చూపించాడు.

పంకజాక్షి కొంగు నడుముకి దోపుకుని వంగి చూసింది. "అచ్చం మీ కాలే. బొటనేలు కన్నా పక్కనేలు పొడుగు, సూడండి" అని మురిసిపోయి, ఆ నీళ్లు కళ్లకద్దుకుంది. అలివేలు అందులో కాలు పెట్టి, తాత అడుగులో చేపపిల్లలు ఉండాయని నవ్వింది. ధనంజయ కొంగల వైపు తిరిగి నిలబడ్డాడు.

అప్పుడే మనవళ్లని వెంటేసుకుని గురవమ్మ అటు వచ్చింది. ఎండుచేపలమ్ముకునే ముసలామె. కోటూ బూట్లూ మీసాలూ ఉన్న మనిషిని ఆమె ఆనవాలు పట్టలేదు. ఎవరమ్మా మీరని పంకజాక్షిని అడిగింది. పెంచలయ్య కోడలినని పంకజాక్షి గర్వంగానే చెప్పింది.

"పెంచలయ్యకు కోడలు యాడిది తల్లీ?" అంది గురవమ్మ. "ఉన్న ఒక్క కొడుకూ పెండ్లిగాకుండానే పాయె. నువ్వు మొక్కింది ఆ పిల్లోని అడుగులకే. పెంచలయ్యవి అవిగో, పొడిగా ఉండాయే, అవి. గుల్లకు పోయినాడు, వచ్చే యాళయింది."

తర్వాత ఆమె వివరంగానే చెప్పింది. ఎనిమిదేళ్ల కిందట మాఘమాసంలో ఒక శుక్రవారం పొద్దున ఆ అడుగుల్లో నీళ్లూరాయట. పెంచలయ్య మూడురోజులు వాటి పక్కనే కూర్చున్నాడట. గుండు గీయించుకుని కర్మ చేశాడట. బావమరిది ఒక్క కబురైనా పంపలేదని అలిగి, ఆ పైన వడమాలపేట వైపే చూడలేదట.

ఆ శుక్రవారం పంకజాక్షికి బాగా తెలుసు. ఆ పొద్దున పుత్తూరులో ఆమె తలనిండా కనకాంబరాలు పెట్టుకుని పెళ్లిచూపుల చాపమీద కూర్చుంది. ఆమె మొగుడి మొహం చూసింది, తర్వాత అతని బూట్లు చూసింది.

"అవి ఇప్పండి" అంది.

ఇంతలో పెంచలయ్య రానే వచ్చాడు. నెత్తిన గంప, తొడలదాకా తడి, నడుం వంగిపోయింది. కోటు వేసుకున్న మనిషిని చూసి, ఎవరో పెద్దమనిషి అనుకుని, దారి ఇవ్వడానికి కట్ట దిగి పక్కకి తప్పుకున్నాడు. ధనంజయ బతుకులో అంత సిగ్గు ముందెప్పుడూ లేదు, ఆ తర్వాతా లేదు. కింద కూర్చుని బూట్లు విప్పి, బురదలోకి దిగి ఒక అడుగు వేశాడు. అందులో నీళ్లూరాయి. ఇంకొక అడుగు వేశాడు. అందులోనూ ఊరాయి. గురవమ్మ మనవళ్లని వెనక్కి లాక్కుంది.

"పంకజా, ఈయన మా నాయన" అన్నాడు ధనంజయ. "లేడని నేనే సెప్పినా. ఎవురూ సెప్పమనల్యా. ఆ గంపను జూసి సిగ్గుపడినా."

మూడో అడుగు వేశాడు. అందరూ ఆ అడుగునే చూశారు.

పెంచలయ్య గంప దించాడు. కొడుకు మొహం వైపు చూడనేలేదు. వంగి, ఆ అడుగులో అరచెయ్యి పెట్టి, గుల్ల తడిమినట్టు మడమనుంచి వేళ్లదాకా తడిమాడు. చెయ్యెత్తి చూసుకున్నాడు. పొడిగా ఉంది. పాత అడుగుల్లో నీళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. అవి ఇప్పటికీ ఇంకలేదు.

పంకజాక్షి అలివేలుని ఎత్తి, పొడిగా ఉన్న ఆ విసనకర్ర అడుగులో నిలబెట్టింది. "అమ్మా, ఈడ వెచ్చగా ఉండాది" అంది అలివేలు. ముసలాయన పిల్లని చూశాడు.

"ఎనిమిదేండ్లు నీ పేరు సెప్పి కాకులకు కూడు పెట్టినా" అన్నాడు చివరికి కొడుకుతో. "ఈపొద్దు నీకే పెడతా, రా."

ధనంజయ గుల్లగంప నెత్తికెత్తుకుని ఆయన వెనకాల నడిచాడు. ఆదివారం కదా, కట్టమీద ఊరంతా ఉంది.