వంగాల్సిన మోకాలు

"ఏమే లక్ష్మీ, ఆ నువ్వులనూనె కొంచెం వెచ్చజేసి అమ్మ కాళ్లు పట్టు. ఎట్లాగూ నీ చదువదే కదా."

ఆదివారం పొద్దున సోఫాలో పడుకుని మా ఆయన అమరనాథ్ అన్న మాట ఇది. చిక్కపేటలో పట్టుచీరల అంగడి ఆయనది. ఆయన అమ్మేది పట్టు, మా అత్త పాపక్క వదలనిది పట్టు, ఇద్దరికీ కలిపి నేను పట్టాల్సింది కాళ్లు. ఇన్ని పట్ల మధ్య నాకూ ఒక పట్టా కావాలని నలభై దాటాక ఫిజియోథెరపీ డిగ్రీలో చేరితే, కె.ఆర్.పురంలోని మా చుట్టాలందరికీ ఒకటే నవ్వు. కాళ్లు పట్టడానికి కాలేజీ ఎందుకన్నారు. ఆడపడుచు సంధ్య అయితే పెళ్లిళ్లలో "మా వదిన నొక్కుడులో బి.ఎ." అని పరిచయం చేసేది. నేనూ నవ్వేదాన్ని. నవ్వితే ముఖం కండరాలకు వ్యాయామమని సరిపెట్టుకునేదాన్ని.

మూడేళ్లు గడిచాయి. ఎముకలు, కండరాలు, కీళ్లు, వాటి జబ్బులు. ఎముకల పేర్లన్నీ చపాతీలు వత్తుతూనే బట్టీ పట్టాను. వత్తేటప్పుడు ఏ కండరం నలుగుతుందో తెలిశాక చపాతీ మీదే కోపం వచ్చింది. భుజం నొప్పికి కారణాలు రాయమని పరీక్షలో అడిగితే నా దినచర్య రాసి వచ్చాను, మంచి మార్కులే వేశారు. ఇన్నేళ్లు కీలుబొమ్మను. ఇప్పుడు బొమ్మ పోయి కీళ్లే మిగిలాయి, అవీ అరుస్తున్నాయి. ఒకరోజు క్లాసులో ఒకరినొకరు పరీక్షించుకుంటున్నప్పుడు, నా కూతురి వయసున్న రంజిత నా కుడిచేయి మెల్లగా పైకెత్తి, "ఆంటీ, ఈ నొప్పి ఎన్నాళ్ల నుంచి?" అంది. ఆ చేత్తో వడ్డించిన పళ్లెం ఎప్పుడొస్తుందనే తప్ప, ఆ చేతి గురించి మా ఇంట్లో ఎవరూ ఏమీ అడగలేదు.

పది రోజుల కింద అత్తకు మోకాలు మార్చారు. రేపు సోమవారం నుంచి హూడి దగ్గరి ఆసుపత్రిలో నాకు చివరి ఏడాది డ్యూటీ మొదలవుతుంది. పోకపోతే ఆ ఏడాది పోయినట్టే. "ఇంట్లోనే పేషెంటు ఉండాది, ఇక్కడే ప్రాక్టీసు చెయ్" అన్నాడు మా ఆయన. అని ఊరుకోలేదు. అంగడిలో చీరల బేరం తెంచినట్టు నిన్న ఆసుపత్రిలో మా డ్యూటీలు చూసే సుశీల మేడంకు ఫోను చేశాడు, నాకు వినపడాలని స్పీకరు పెట్టి మరీ. మా ఆవిడ ఇంట్లో చేసే సేవనే హాజరు కింద రాసుకోండి, స్వల్ప అడ్జస్ట్ మాడి, అని కన్నడంలో కొంచెం సర్దుకొమ్మన్నాడు. నా చదువు, ఆయన బేరం. నన్నొక మాట అడగను కూడా లేదు. మేడం నిదానంగా విన్నారు. మా ఆసుపత్రిలో పేషెంటు పక్కన ఇంటిమనిషి ఒకరుండాలి, అన్నం, స్నానం, బాత్రూము అన్నీ ఆ మనిషే చూసుకోవాలి, ఫిజియోథెరపిస్టు వచ్చి వ్యాయామం చేయించి వెళ్లిపోతుంది, ఆ ఇంటిమనిషి మీరేనా సార్, అన్నారు. ఈయన ఫోను కట్ చేసి, మీ మేడంకు మర్యాద తెలీదని నా మీద ఎగిరాడు.

మా ఇళ్లలో కోడలి ప్రేమకు కొలత కాళ్లు పట్టడమే. ఎంతసేపు పడితే అంత ప్రేమ. అత్త తన అత్తకు పట్టింది కాబట్టి ఇప్పుడు తనకు రావాలి. కానీ ఆపరేషన్ అయిన కాలి పిక్కలో నెత్తురు గడ్డ కట్టి ఉంటే, పిసికితే అది కదిలి ఊపిరితిత్తులకు పోవచ్చు. ఆ మోకాలికి కావాల్సింది వంగడం. నొప్పిగా ఉన్నా ఆమే వంచాలి. వంచమన్న పాపానికి అత్త ఏడుస్తూ సంధ్యకు ఫోను చేసింది, కోడలు కాలు విరిచేస్తాండాదని. సంధ్య నాకు ఫోను చేసి తిట్టింది. ఆ మోకాలు తొంభై డిగ్రీలు వంగాలని నా తపన, నా ఒక్క డిగ్రీ ఆగాలని వాళ్ల తపన.

నేను కదలకపోయేసరికి నూనెగిన్నె ఆయనే తెచ్చి నా ముందు పెట్టాడు. పెళ్లయ్యాక ఆయన వంటింట్లోంచి మోసుకొచ్చిన మొదటి వస్తువు. మంచం మీంచి అత్త కాలు చాపింది.

"పట్టకూడదు," అన్నాను. ఎందుకో చెప్పాను, గడ్డ సంగతి, ప్రాణం మీదికొచ్చే సంగతి. రేపు డ్యూటీకి పోతున్నానని కూడా చెప్పాను.

ఆయన వాళ్లమ్మను చూశాడు, నన్ను చూశాడు. "మూడేండ్లు చదివింది, సొంత అత్త కాళ్లు పట్టనని చెప్పేదానికా?"

ఇలాంటి చోట ఎప్పుడూ ఒక జోకేసి తప్పించుకునేదాన్ని. నా జోకులకు ఇల్లంతా నవ్వేది, పని మాత్రం నా దగ్గరే ఉండేది. ఈసారీ ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"అవునప్పా," అన్నాను. "దానికే."

గిన్నె తీసి పక్కన పెట్టి, వాకర్ మంచం దగ్గరికి జరిపాను.

"ఇట్లా రా. అమ్మను లేపేది ఎట్లనో చూపిస్తా. రేపట్నుంచి నువ్వే లేపాల."