ర్యాంపు రగడ

పురపాలక సభలో ఇరవై కుర్చీలు. పదకొండు అధికార పక్షానివి, తొమ్మిది ప్రతిపక్షానివి. పదకొండంటే మెజారిటీయే గానీ, సభ నడవాలంటే పద్నాలుగు తలకాయలు లోపల ఉండాలని నియమం. అందుకని ప్రతిపక్షం ప్రతి పక్షానికోసారి లేచి వరండాలోకి పోయేది. వాకౌట్ అంటే వాక్కు ఔట్. లోపల పదకొండు మంది గోళ్ళు గిల్లుకునేవాళ్ళు, బయట తొమ్మిది మంది టీ తాగేవాళ్ళు. ఎనిమిది నెలలుగా ఇరుపక్షాల మధ్యా తిరిగిన ఏకైక ప్రాణి, టీ అందించే అటెండరమ్మ.

తగాదా రైలు పట్టాల మీద కట్టాల్సిన కాలినడక వంతెన గురించి. అధికార పక్షం మెట్లు చాలంది. ప్రతిపక్షం చక్రాల కుర్చీ ఎక్కేలా ర్యాంపు కూడా కావాలంది. తమాషా ఏమిటంటే, ఎన్నికల్లో ర్యాంపు మాటిచ్చింది అధికార పక్షమే. అటువాళ్ళు అడిగారు కాబట్టి ఇటువాళ్ళకి చేదయింది. పదకొండు చేతులెత్తి ఓడించారు. అంతే, అటువాళ్ళు వరండా పట్టారు. మెట్లూ లేవు, ర్యాంపూ లేదు, రంపపుకోత మాత్రం మిగిలింది.

ఆ కోత అటెండరమ్మకే ఎక్కువ. ఆమె భర్త టైలరు. ఎనిమిది నెలల కిందట కాలు పోయి చక్రాల కుర్చీకి అతుక్కుపోయాడు. ఇల్లు పట్టాలకి ఇవతల, కుట్టుమిషనున్న కొట్టు అవతల. చుట్టుతిరిగి వెళ్ళడం అయ్యే పని కాదు. కొలతలు తీసే మనిషి కిటికీ దగ్గర కూర్చుని రైళ్ళు లెక్కపెడుతున్నాడు. వంతెనకి రైల్వేవాళ్ళిచ్చిన అనుమతికి ఇవాళే ఆఖరు.

"ఇవాళైనా తేలుతుందంటావా?" అన్నాడు పొద్దున.

"తేల్చేవాళ్ళే తేలుకుట్టిన దొంగల్లా ఉన్నారండీ," అని వచ్చేసింది.

మధ్యాహ్నం వాకౌట్ యథాప్రకారం జరిగింది. ఆమె తొమ్మిది టీల ట్రే తెచ్చి ఛైర్మన్ ముందు పెట్టింది.

"ఇవి బయటివాళ్ళవి సార్. ఈసారి మీరు పట్టుకెళ్ళండి."

"నేనా?"

"ఎనిమిది నెలలు నేను మోశాను. ఇంటికెళ్తే ఆయన్ని మోస్తున్నాను."

ఛైర్మన్ ట్రే అందుకున్నాడు.

"మీరెళ్తే మనం లోకువైపోతాం సార్," అన్నాడు విప్. పార్టీ మాట జవదాటకుండా సభ్యుల్ని కాపలా కాసే మనిషి. ఎవర్నీ నోరు విప్పనివ్వడు కాబట్టే విప్.

"టీ చల్లారితే ఇంకా లోకువ," అని ఛైర్మన్ కదిలాడు. వెనకే అటెండరమ్మ.

వరండాలో ప్రతిపక్ష నాయకుడు, ఒకప్పటి లెక్కల మాస్టారు, కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఏంట్రా, పదవి మారిందా?"

"లోపలికి రండి మాస్టారూ."

"పదకొండుకీ పద్నాలుగుకీ తేడా మూడని ఎనిమిదో తరగతిలోనే చెప్పాను నీకు."

"ఆ మూడు మీ దగ్గరుందనేగా వచ్చాను. ర్యాంపు మీరే ప్రతిపాదించండి. అవునా కాదా అని నోటితో అడుగుతాను, చేతులెత్తించను."

నోటితో అడిగితే ఎవరేమన్నారో పేర్లు రాయరు. పేర్లు లేకపోతే విప్ పట్టుకోవడానికి పిలక దొరకదు. కానీ ఒక్కరు లేచి లెక్క అడిగినా పేరుపేరునా లెక్కపెట్టాల్సిందే.

"మీ విప్ ఊరుకుంటాడా?"

"అదే నాకూ తెలీదు," అన్నాడు ఛైర్మన్.

మాస్టారు టీ పూర్తిచేసి లేచాడు. మిగతా ఎనిమిది మందీ లేచారు.

సభలో మాస్టారు ర్యాంపు సవరణ చదివాడు. ఛైర్మన్ అడిగాడు. "అవును" అని రెండువైపుల నుంచీ వినిపించింది. అధికార పక్షం వాళ్ళు మాత్రం పైకప్పు కేసి చూస్తూ అన్నారు. విప్ లేవబోయాడు. అప్పటికే అటెండరమ్మ టీ గ్లాసుతో పక్కన నిలబడింది.

"మీ పెళ్ళిరోజు ప్యాంటు ఎనిమిది నెలలుగా మా ఆయన మిషను మీదే ఉంది సార్," అంది మెల్లగా. "పట్టాలకి అవతల."

విప్ సగం లేచినవాడు సగంలోనే ఆగాడు. గ్లాసు అందుకుని కూర్చున్నాడు.

"చక్కెర తక్కువైంది," అన్నాడు. అంతకుమించి ఏమీ అడగలేదు.

మర్నాడు పొద్దున పనివాళ్ళు పట్టాల పక్కన సున్నంతో గీతలు గీశారు. టైలరు చక్రాల కుర్చీలో వచ్చి, మెడలో టేపు తీసి, వంగి ర్యాంపు గీతని కొలిచాడు.

"మలుపు దగ్గర బిగుతుగా ఉందే. కాస్త వదులు చేయమను."

"దానికింకో సవరణ కావాలండీ. మళ్ళీ సభ పెట్టాలి," అంది పక్కనే ఉన్న అటెండరమ్మ.

"పెట్టనీ," అన్నాడు టేపు చుడుతూ. "ట్రే ఎవరు మోయాలో తెలిసిపోయిందిగా."