అంకమ్మ గుప్పిట్లో తాళాలగుత్తి

"వదినా! అంకమ్మకి ఫిట్సొచ్చినయ్!" అని మరిది మస్తాన్‌రావు కేకేస్తే, పక్కింటి పిండిమర హోరులో పున్నమ్మకి "గిఫ్ట్సొచ్చినయ్" అని వినపడింది. "మళ్ళీ దానికేనా!" అంటూ ఉరికింది.

చూస్తే గిఫ్టూ లేదు, గిన్నే లేదు. తోడికోడలు వసారాలో పడి కొట్టుకుంటోంది. అత్త బొడ్లోంచి బీరువా తాళాలగుత్తి తీసి దాని గుప్పిట్లో పెట్టింది. ఇనుము తగిలితే మూర్ఛ దిగుతుందని ముప్పాళ్ళలో అందరికీ నమ్మకం.

పున్నమ్మ కడుపు భగ్గుమంది. కాపురానికొచ్చి తొమ్మిదేళ్ళు. ఆ గుత్తి గలగల వినడమేగానీ ఒక్కనాడు ముట్టుకున్నది లేదు. మొన్న వచ్చిన చిన్నకోడలికి వారానికి రెండుసార్లు! మూర్ఛా దానికే, ముచ్చటా దానికే. ఇదంతా నాటకమని తేల్చి, గుత్తి మళ్ళీ దాని చేతికందకుండా చెయ్యాలనుకుంది.

ఆనాటినుంచి మూర్ఛ వచ్చినప్పుడల్లా అందరూ నీళ్ళకీ ఉల్లిపాయకీ పరిగెడుతుంటే, తను పక్కనే చతికిలబడి రెప్పార్పకుండా చూసేది. ఉన్న కళ్ళు రెండే. కుళ్ళు తోడయ్యేసరికి నాలుగైనయ్.

నెల తిరక్కుండా అందరూ అంకమ్మని నరసరావుపేట తీసుకెళ్ళారు. డాక్టర్ జబ్బార్ గారు అడిగారు: "ఫిట్స్‌లో కళ్ళు తెరుస్తుందా, మూస్తుందా?"

"ఆ కంగార్లో ఎవురు జూశారయ్యా?" అంది అత్త. మస్తాన్‌రావు తల గోక్కున్నాడు.

"నేను జూశా," పున్నమ్మ ముందుకొచ్చింది. "గట్టిగా మూసుద్ది. తెరవబోతే ఇంకా బిగించుద్ది. తల అటూ ఇటూ ఆడిస్తది. ఆగుద్ది, మళ్ళీ మొదలు. గడియారం జూశా, పావుగంట! నాలుక కొరుక్కోలా, బట్టలు తడవలా. దొంగమూర్ఛండీ!"

"నువ్వు చూసిందంతా నిజం తల్లీ, పెట్టిన పేరే తప్పు," అన్నారాయన. "మెదడులోంచి వచ్చే మూర్ఛలో మామూలుగా కళ్ళు తెరిచే ఉంటాయి, రెండుమూడు నిమిషాల్లో తగ్గుద్ది. ఇది అది కాదనుకుంటా. గుంటూరులో తలకి తీగలు పెట్టి పరీక్ష చేయిద్దాం. అదయ్యాక ఇప్పుడు మింగుతున్న మూర్ఛ మాత్రలు మెల్లగా మానిపిద్దాం. కానీ నాటకం మాత్రం కాదు. మనసు మొయ్యలేంది ఒళ్ళు మోస్తోంది. ఆపమన్నా ఆపడం ఆమె వల్ల కాదు. ఎప్పట్నించి?"

"పురిట్లో బిడ్డ పోయిన కాణ్ణించి," అంది పున్నమ్మ. ఆ మాట మాత్రం గొంతు తగ్గించి చెప్పింది.

అంకమ్మ తలెత్తింది. "మూర్ఛ వచ్చినప్పుడు నాకన్నీ లీలగా వినపడతయ్ అయ్యా. అందరూ ఉరుకుతారు. అక్క మాత్రం పక్కనించి కదలదు. అదే ధైర్యం నాకు."

పున్నమ్మ మొహం కందగడ్డయింది. "ధైర్యమా నా మొహమా! నిన్ను పట్టిద్దామని కూచున్నానే. అత్త పెత్తనం నీ చేతిలో పెడతంటే ఓర్చుకోలేకపొయ్యా!"

అత్త నోరెళ్ళబెట్టింది. "ఏమే పిచ్చిదానా! ఇనుమని పెట్టానే, పెత్తనమని గాదు. ఆ గడబిడలో చేతికి దొరికిన ఇనుము అదొకటే!"