రెండో చివర పట్టుకున్నవాడు

మా బావ గాజు కోస్తాడు. వజ్రపు మొన ఉన్న కలంతో ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్కటే గీత గీస్తాడు. మధ్యలో చెయ్యి ఆగకూడదు, వణక్కూడదు, గీసిన చోట మళ్ళీ గీయకూడదు. గీత కుదిరితే పలక బల్ల అంచున టక్కుమని రెండుగా విడిపోతుంది. కుదరకపోతే దాని చిత్తం వచ్చినట్టు పగులుతుంది. అప్పుడు రెండో చివర పట్టుకున్నవాడి గతి దేవుడికెరుక. ఆ పట్టుకునేవాణ్ణి నేనే. అక్క మొగుడి దగ్గర పని కదా, ఆపాటి భాగ్యం దక్కాలి మరి.

పనిలో బావకి వంక పెట్టినవాడు లేడు, ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న రోజు తప్ప. మన జట్టు గెలిస్తే ఆ వారమంతా ఇంట్లో పెళ్ళి కళ. ఓడితే చావు కబురొచ్చినట్టే. గోడకేసి తిరిగి పడుకుంటాడు, పలకరిస్తే కరుస్తాడు. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో తెలీదు గానీ, గోల్‌కీపర్‌కి ఏ మోకాలు నొప్పో తెలుసు. ఎవరికో కడుపునొప్పి వస్తే ఈయన కషాయం తాగే రకం.

మూడు నెలల కిందట ఓ మధ్యాహ్నం మా అద్దాల కొట్లో రేడియో మోగుతోంది, బావ గీత గీస్తున్నాడు. సగంలో ఉండగా అవతలివాళ్ళు గోల్ కొట్టారు. బావ చెయ్యి ఎగిరింది, పలక నా చేతిలో పేలింది. కుడి అరచేతికి ఏడు కుట్లు. పదిహేను రోజులు అక్కే నాకు తల దువ్వి, చొక్కా గుండీలు పెట్టింది. బావ మూడు రోజులు ముద్ద ముట్టలేదు. నా చేతి గురించే బెంగ పెట్టుకున్నాడని జాలిపడ్డాం. తీరా ఆరా తీస్తే ఆ గోల్ గురించట.

అక్క ఆ రోజు గొంతు పెంచకుండానే చెప్పేసింది. "ఇంకోసారి మా తమ్ముడి చేతికి రక్తం చూశానంటే, పాపని తీసుకుని వెళ్ళిపోతా. నువ్వా టీవీతోనే కాపురం చేసుకో." అక్క మాటంటే మాటే. బావకీ తెలుసు. అందుకే అప్పట్నుంచీ నా అరచేయి కంటే అక్క కాపురమే నాకెక్కువ భయమైపోయింది.

అలాంటిది ఫైనల్ మ్యాచ్ రోజునే రొట్టెల కొట్టాయన పలక పని వచ్చిపడింది. కొట్టు ముందరి అద్దం పగిలి, వారం నుంచి అట్టముక్కలు అడ్డం పెట్టుకుని వ్యాపారం చేస్తున్నాడు పాపం. నిలువెత్తు మందపాటి పలక, మా కొట్లో అలాంటిది ఒక్కటే ఉంది. మూడింటికల్లా కోసి ఉంచమని మేం పనిచేసే కొట్టు యజమాని పొద్దున్నే చెప్పి వెళ్ళాడు. మ్యాచ్ అయ్యాక కోస్తానన్నాడు బావ. ఓడిపోయాక కోస్తే నేను పట్టుకోనన్నాను.

బావ ఫోన్ అలమరలో నిలబెట్టి మ్యాచ్ చూస్తున్నాడు. మనవాళ్ళు ఒక గోల్ ముందున్నారు, ఇంకో పావుగంట ఆట ఉంది. సరిగ్గా అప్పుడు ఫోన్లో ఛార్జి అయిపోయింది. ఛార్జరు ఇంట్లో ఉండిపోయింది. బావ ఒక్క నిమిషం గిలగిల్లాడి, అంతలోనే తేరుకున్నాడు. "గెలిచినట్టేలేరా. ఎదురుగా టీకొట్టే కదా, వాళ్ళు అరిస్తే మనకి వినబడదా? పద, కొలతలు చూద్దాం," అన్నాడు హుషారుగా.

బల్ల మీద దుప్పటి పరిచి పలక పడుకోబెట్టాం. బావ వీపు వీధి వైపు, నా ముఖం వీధి వైపు. ఒకటికి రెండుసార్లు కొలిచాడు. మూడోసారి కొలుస్తుండగా టీకొట్టు కేసి చూశాను. జనం లేస్తున్నారు. అరుపు లేదు, ఈల లేదు. ఒకడు తలపాగా విప్పి దులుపుకున్నాడు, ఇద్దరు టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయారు. చావింటి ముందు నుంచి కదిలినట్టు కదిలారు.

నాకు అరచేతిలో కుట్లు జిల్లుమన్నాయి.

చెబితే పలక ఈ రోజుకి కోయడు. చెప్పకపోతే, గీత మధ్యలో ఉండగా దారినపోయేవాడెవడైనా నోరు జారితే? అంతలో క్యారేజీ పట్టుకుని అక్క వచ్చింది. అక్క ముఖం చూస్తేనే తెలిసింది, దారిలో విన్నదని. నోరు తెరవబోయింది. కళ్ళతోనే వద్దన్నాను.

"బయటేమైనా కేకలు వినబడ్డాయా?" తలెత్తకుండా అడిగాడు బావ.

"నాకు ఈ క్యారేజీ గలగలే వినబడింది," అంది అక్క. వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడింది, వీధిలోంచి గాలైనా రాకుండా.

గీత సాఫీగా రావాలని బావ కలం కిరసనాయిల్లో ముంచాడు. ఈల వేసుకుంటూ గీశాడు. పట్టుబట్ట చింపినట్టు సన్నగా చప్పుడైంది. ఇద్దరం పలక అంచుకి జరిపి కిందికి ఒత్తాం. నేను కళ్ళు మూసుకున్నాను. టక్. కళ్ళు తెరిచేసరికి నా వాటా ముక్క నా చేతిలో చక్కగా ఉంది. అంత శుభ్రమైన అంచు ఈ మధ్య చూడలేదు.

పలకని గోడకి ఆనిస్తుండగా రొట్టెలాయన వేలాడేసిన ముఖంతో వచ్చాడు. అక్క తప్పుకోక తప్పలేదు. "రెండు ఒకటితో పోయాం కదండీ. అయిపోయి అరగంటైంది," అన్నాడు.

నేను రెండడుగులు వెనక్కి వేశాను. అక్క బల్ల మీది సుత్తి తీసి, బావకి అందకుండా చెంగు చాటున పెట్టుకుంది. బావ గోడనున్న గడియారం చూశాడు, పలకని చూశాడు. వంగి అంచు పొడుగునా బొటనవేలు మెల్లగా జరిపాడు.

"అంటే ఇది గీసేటప్పటికే ఓడిపోయామన్నమాట."

రొట్టెలాయన మా ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూశాడు.

"ఈల కూడా వేశాను కదూ."

"వేశావు," అంది అక్క.

"మరి నాకేం కాలేదేంటే?"

ఆ అడగడం, పంటి నొప్పి పోయిందా లేదా అని నాలుకతో తడుముకున్నట్టుంది. ఉన్నట్టుండి నవ్వాడు. క్యారేజీ తెమ్మన్నాడు. ఓడిన రోజు బావ అన్నం అడగడం మా అక్క కాపురంలో అదే మొదలు. అక్క సుత్తి బల్ల మీద పెట్టి గబగబా గిన్నెలు విప్పింది, మళ్ళీ మనసు మార్చుకుంటాడేమోనని.

సగం తిన్నాక బావ ఎంగిలి చెయ్యి కంచంలోనే ఉంచి, ఎడమ చేత్తో నా చెయ్యి లాక్కుని అరచేయి తిప్పి చూశాడు. మూడు నెలల్లో అదే మొదటిసారి.

"నాలుగు కుట్లు కదూ?"

"ఏడు బావా."

"ఏడా!" అన్నాడు. ఇరవయ్యేళ్ళ నాటి స్కోర్లు కూడా తడుముకోకుండా చెప్పే మనిషి, ఒక్కొక్కటే వేలుతో తాకుతూ లెక్కపెట్టుకున్నాడు. ఏడూ అయ్యేదాకా చెయ్యి వదల్లేదు.