ఎడమ చుట్టు

పాత పట్టీ విప్పడానికి బలం అక్కర్లేదు, ఓపిక కావాలి. బ్యాటును మోకాళ్ల మధ్య ఇరికించుకుని, పిడి పైన అంటించిన టేపు కొసను గోటితో లేపి, చుట్టిన దిక్కుకు ఎదురుగా తిప్పుకుంటూ పోతే పట్టీ మెలికలు తిరుగుతూ ఒళ్లో పడుతుంది. దాని అడుగున ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి చెమట నల్లగా అట్టకట్టి ఉంటుంది. దాన్ని తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, కొత్త పట్టీ చుట్టాలి. పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగానో, బకెట్లో బట్టలు నానుతుండగానో సుహాసిని రోజూ చేసే పనే ఇది. చేతికి అలవాటైపోయి చూడకుండానే చేసేది. అందుకే వానాకాలంలో ఒకరోజు ఒక బ్యాటు ఆమె చేతికి ఎదురు తిరిగినప్పుడు ఉలిక్కిపడింది.

ఎప్పటిలాగే తిప్పింది. పట్టీ ఊడకపోగా ఇంకా బిగుసుకుంది. మళ్లీ తిప్పింది. అవతల ఎవరో కొస పట్టుకుని తమ వైపు లాక్కుంటున్నట్టు అనిపించింది. బ్యాటును కిటికీ వెలుతురుకు పెట్టి చూస్తే పట్టీ మడతలన్నీ రెండో వైపుకు వాలి ఉన్నాయి. తను చుట్టినదాన్ని అద్దంలో చూస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

“నాకంటె ముందు ఇవి ఎవలు చుట్టేటోళ్లు అత్తమ్మా?” అని అడిగింది.

అత్త అమృతమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది. “ఎవలు చుడ్తరు? విక్టరే. ఎందుకే?”

“ఊకెనే.”

విక్టర్ సంతకం పెట్టేదీ, గడ్డం గీసుకునేదీ, జొన్నరొట్టె తుంచుకునేదీ కుడిచేత్తోనే.

విక్టర్ తండ్రి నారాయణఖేడ్‌లో క్యారమ్ బోర్డులు చేసేవాడు. తండ్రి పోయాక విక్టర్ కొన్నాళ్లు హైదరాబాదులో ఆటసామాన్ల దుకాణంలో పనిచేశాడు. అక్కడ అపార్ట్‌మెంట్ల నడుమ పికిల్‌బాల్ కోర్టులు లేస్తుంటే చూసి, టేబుల్ టెన్నిస్ బ్యాటుకు పెద్దన్నలా ఉండే ఆ బ్యాట్ల వ్యాపారం ఊళ్లో పెట్టాడు. పట్టీ లేని కొత్త బ్యాట్లు గోనెల్లో వస్తాయి. కోర్టుల్లో అద్దెకు తిరిగి తిరిగి పట్టీలు అరిగినవి కూడా వస్తాయి. రెండింటికీ ఇంట్లో పట్టీలు చుట్టించి, శుక్రవారం సాయంత్రం బస్సులో వేసుకుని పోతాడు. “పికిలంటె మామిడికాయ తొక్కే కద? గీ తొక్కు ఆటకు గింత కథనా!” అని అమృతమ్మ నవ్వేది. ఆ నవ్వులో కొంచెం గర్వం కూడా ఉండేది. చర్చి బయట నిలబడి విక్టర్ “నా చేతుల చుట్టు పడ్డ బ్యాటే గావాలంటరు పెద్దపెద్దోళ్లు” అంటుంటే ఆమె చుట్టుపక్కల వాళ్ల మొహాలు చూసేది.

ఆ ఎదురు పట్టీ కనిపించాక సుహాసినికి ఇల్లే వేరుగా కనిపించసాగింది. పట్టీ చుట్టేటప్పుడు కూర్చునే ముక్కాలిపీట పక్కన, కత్తెర తగిలించే మేకు ఎడమవైపు ఉంది. వంటింట్లో ఉప్పుడబ్బా, అగ్గిపెట్టె, మసిగుడ్డ వేసే కొక్కెం అన్నీ ఎడమకే. కూర గరిటె అంచు తను తిప్పే వైపు కాక అవతలి వైపు అరిగి ఉంది. పెళ్లై వచ్చిన కొత్తలో చెయ్యి చాపిన చోట ఏదీ దొరక్కపోతే, కొత్తిల్లు కదా అనుకుంది. కొత్తదనం కాదు. ఈ ఇల్లంతా ఇంకో చేతికి అలవాటుపడి ఉంది. ఆ చెయ్యి పోయినా ఇల్లు దాన్ని మరిచిపోలేదు.

విక్టర్ మొదటి భార్య పేరు రోజ. కంగ్టి దగ్గరి ఊరి పిల్ల. ఆమె ఫొటో ఇంట్లో లేదు. ఆమె గురించి సుహాసినికి తెలిసిందంతా అత్త అప్పుడప్పుడూ విసిరిన మాటలే. “పుర్రచెయ్యిది. చర్చిల రొట్టె ఇస్తుంటె ఎడమచెయ్యి చాపి ఇజ్జత్ తీసేది.” “ఒక్క పని ముట్టకపోయేది. కూసుంటె లెవ్వకపోయేది.” “దసరా సంది మంచం దిగలే. పండుకునే తిన్నది, పండుకునే పోయింది.” సంబంధం మాట్లాడ్డానికి మనూర్‌లో సుహాసిని పుట్టింటికి వచ్చినప్పుడు కూడా అదే మాట. “మొదటి పిల్ల ఒళ్లు వంచని మనిషి. మీ పిల్ల డిగ్రీ చదివింది, తెలివైంది. మాకేం వద్దు, ఇంటిపట్టున ఉంటె చాలు.” ఆ మాటకు సుహాసిని తల్లి మురిసిపోయింది. ఇంటిపట్టున ఉండటం అనే మాటలో ఎన్ని గోనెల బ్యాట్లు పడతాయో అప్పుడు ఎవరూ అడగలేదు.

బ్యాట్ల వ్యాపారానికి విక్టర్ ఫోనులో ఒక పేజీ నడుపుతాడు. దసరా ముందు ఒకరోజు, పట్టీ చుట్టడం వీడియో తీస్తానని సుహాసిని ముందు ఫోను నిలబెట్టాడు. “గాజులు తియ్. చేతులు మాత్రమే పడ్తయ్. ఆడోళ్లు చుడ్తున్నరంటె ఇంట్ల చేసే మాల్ అనుకుంటరు” అన్నాడు. ఆమె గాజులు తీసి పక్కన పెట్టింది. తర్వాత ఆ వీడియోకు తన గొంతు పెట్టుకున్నాడు: “చూడండి ఫ్రెండ్స్, నేను పట్టీ ఎంత టైట్‌గా చుడుతున్నానో.” తన చేతులు అతని గొంతుతో మాట్లాడుతుంటే సుహాసిని చూడలేక దాన్ని పైకి తోసేసింది. అలాగే వేలితో తోసుకుంటూ కిందికి, ఇంకా కిందికి పోయింది. అన్నింటికన్నా అడుగున ఒక పాత వీడియో ఉంది. అదే ముక్కాలిపీట, అదే గోడ. సన్నని చామనచాయ చేతులు. కుడిచెయ్యి బ్యాటు పట్టుకుని ఉంది, ఎడమచెయ్యి చుడుతోంది. మణికట్టు మీద గాజులు తీసిన చోట తెల్లటి చార. దానిమీద కూడా విక్టర్ గొంతే. కింద ఎవరో అడిగారు: “బ్రో, నువ్వు లెఫ్టీనా?” విక్టర్ జవాబిచ్చాడు: “యెస్ బ్రో.”

చనిపోయిన మనిషి చేతులు. ఇప్పటికీ ఎవరో ఒకరు ఆ వీడియోకు గుండె బొమ్మ పెడుతూనే ఉన్నారు.

ఆ రోజునుంచి ఎదురు పట్టీ ఉన్న బ్యాటు వస్తే సుహాసిని దాన్ని విడిగా పెట్టుకుని, మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు విప్పేది. విప్పాలంటే తన చేతిని వెనక్కి తిప్పాలి. రోజ చెయ్యి తిరిగిన దారినే కొసనుంచి మొదటికి నడవాలి. ఒక్కోచోట పట్టీ మడతలో పసుపు మరక కనిపించేది. కూర మధ్యలో వదిలి వచ్చి కూర్చుందన్నమాట, తనలాగే. రోజక్కా అని ఎప్పుడు పిలవడం మొదలుపెట్టిందో తనకే తెలియదు.

ఆ చలికాలం మొదట్లోనే సుహాసిని కుడిచెయ్యి మొరాయించసాగింది. పొద్దున లేవగానే మూడు వేళ్లు తనవి కానట్టుండేవి. మణికట్టులోంచి మోచేతి దాకా తీగ లాగినట్టు సలుపు. ఒకరోజు చాయ్ గ్లాసు చేతిలోంచి జారి విక్టర్ కాళ్ల దగ్గర పగిలింది.

“దవాఖానకు పోదాం” అంది.

“ఏం చెప్తవ్ డాక్టర్‌కు? కూసోని పట్టీ చుట్టిన అని చెప్తవా? నవ్వుతడు. గడ్డపార పట్టినవా, గని తవ్వినవా? కూసోని చేసే పనాయె.” మళ్లీ తనే, “క్రిస్మస్ సీజన్ కానియ్, పోదాం” అన్నాడు.

అమృతమ్మ గాజుముక్కలు ఏరుతూ గొణిగింది: “గిట్లనే సురువైతది. రోజ గూడ గిట్లనే సురువు చేసింది.”

అలా అన్న అమృతమ్మ చేతులు సుహాసినికి తెలుసు. రేషన్ దుకాణంలో ఆమె వేలిముద్ర పడదు. మిషను మీద ఎన్నిసార్లు ఒత్తినా ఎర్రలైటే. క్యారమ్ బోర్డులకు గరుకు కాగితం రుద్ది రుద్ది వేళ్ల మీద గీతలు పోయాయి. బోర్డుల మీద పేరు మాత్రం మామది. “మీ మామ బోర్డు అద్దం లెక్క ఉండె” అని ఇప్పటికీ ఆమే చెబుతుంది.

డిసెంబరులో విక్టర్ వాకిట్లో కాగితపు నక్షత్రం కట్టాడు. ఒక శుక్రవారం పొద్దున కట్టు విప్పని గోనె ఒకటి తెచ్చి ముక్కాలిపీట ముందు పడేశాడు.

“క్రిస్మస్ పోటీలు పెట్టే క్లబ్బోళ్లవి. రెండేండ్ల కింద మనమే ఇచ్చినం. ఒక్కసారి ఆడి మూటగట్టిన్రు. ఇప్పుడు ఎర్రపట్టీలు గావాల్నట. సాయంత్రం బస్సుకు తీస్కపోవాలె, జల్దీ కానియ్.” బండి స్టార్ట్ చేస్తూ వెనక్కి తిరిగి, “చెయ్యి గియ్యి అనకు ఇగ” అన్నాడు.

గోనె విప్పింది. ప్రతి బ్యాటు మీదా ఒక నక్షత్రం, దాని కింద సంవత్సరం అచ్చువేసి ఉన్నాయి. రెండేళ్ల కిందటి క్రిస్మస్. సుహాసిని ఆ అంకెలను చూస్తూ ఉండిపోయింది. రోజ సమాధి రాయి మీద ఉన్నదీ ఆ డిసెంబరే. అప్పటికి ఆమె మంచం పట్టి నెలలు గడిచాయి. అత్త మాట ప్రకారం దసరా సంది మంచం దిగలేదు, ఒక్క పని ముట్టలేదు.

పట్టీలన్నీ ఎడమచేత్తో చుట్టినవే.

ఒకటొకటిగా విప్పింది. మొదటివి బిగువుగా, మడత మీద మడత సమానంగా ఉన్నాయి. తర్వాతవాటిలో మడతలు ఎడమెడంగా జరిగాయి. ఇంకా తర్వాతవాటిలో సందుల్లోంచి లోపలి కర్ర కనిపిస్తోంది. సందు పడ్డచోట మళ్లీ వెనక్కి వచ్చి, దాని మీదే ఇంకో చుట్టు వేసి కప్పింది. రెండుసార్లు, మూడుసార్లు వేసింది. వణుకుతూ రాసిన అక్షరాన్ని దిద్దినట్టు దిద్దింది. గోనె అడుగుకు పోయేకొద్దీ సుహాసినికి తన చెయ్యి నొప్పి పెడుతోందో, ఆ చెయ్యి నొప్పి తనలోకి ఎక్కుతోందో తెలియలేదు.

అట్టడుగు బ్యాటు పట్టీ కొసను కత్తెరతో కోయలేదు. టేపు లేపి చూస్తే కొస నలిగి, చీరుకుపోయి ఉంది. దాని మీద చిన్నచిన్న గుంటలు, అర్ధచంద్రాకారంలో. పైన ఒక వరుస, తిరగేస్తే కింద ఒక వరుస. సుహాసిని దాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. తర్వాత ఎందుకో తన పళ్ల మధ్య పెట్టుకుని చూసుకుంది. సరిగ్గా సరిపోయాయి. చెయ్యి లాగలేనప్పుడు పంటితో లాగింది రోజ. పంటితో లాగి, పంటితో తెంపింది.

ఆమె పట్టీ నోట్లోంచి తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పొయ్యి మీద పప్పు అడుగంటింది.

“ఏందే, మాడు వాసనొస్తుంటె గూడ తెలుస్తలేదా?” అమృతమ్మ వంటింట్లోకి పోయి గ్యాసు కట్టేసి వచ్చింది. విప్పిన పట్టీలు కుప్పగా పడి ఉండటం, కొత్త ఎర్రపట్టీల డబ్బా మూత కూడా తీయకపోవడం చూసింది. “వాడు సాయంత్రం బస్సుకంటె నువ్వు గిట్ల కూసున్నవ్? రోజ లెక్కనే తయారైతున్నవ్ నువ్వు గూడ. గా పిల్ల గిట్లనే పండుకొని పండుకొని...”

సుహాసిని లేచి అత్త చెయ్యి పట్టుకుని ఆ పట్టీ కొసను అరచేతిలో పెట్టింది.

“పండుకొని పోలే అత్తమ్మా. కూసోనే పోయింది.”

అమృతమ్మ పట్టీ వైపు చూడలేదు. బొటనవేలితో తడిమింది. గీతల్లేని ఆ వేలు పంటిగుంటల మీద ఒకసారి ఇటు, ఒకసారి అటు నడిచింది. బజారులో కూరగాయల బండివాడు అరుచుకుంటూ పోయాడు.

“నాకెర్కే” అంది చివరికి.



“ఈపుకు తకియా దిండు ఆనిచ్చి కూసోవెట్టింది నేనే. చెయ్యి లేస్తలేదు అత్తమ్మా అని ఏడ్సింది. పండ్లతోని వట్టి గుంజు, అయితది అని నేనే చెప్పిన.” పట్టీని గుప్పిట్లో మూసింది. “చెయ్యి లేవకుంటె గరుకు కాగితం నేను గట్లనే పండ్లతోని వట్టి చింపేదాన్ని. మా అత్త చెప్పింది నాకు.”

వాకిట్లో కాగితపు నక్షత్రం గాలికి తిరుగుతూ గోడ మీద నీడను తిప్పుతోంది. సుహాసిని ఎదురుగా ఉన్న ముసలి మొహాన్ని చూసింది. కోపం రావలసిన చోట ఏదో చల్లగా తగిలింది. అత్తకు అత్త, అత్త, రోజ. వరుసగా ముగ్గురు, అదే పీట మీద. నాలుగో మనిషిగా తనకోసం వేరే పీట చేయించనక్కర్లేదు, అది ఇక్కడే ఉంది.

కత్తెరను మేకుకు తగిలించింది. ఎడమవైపు మేకుకే. లోపలికి పోయి, పెట్టె మీద నెలలుగా పడి ఉన్న గాజులు తొడుక్కుంది. కుడిచేతికి ఎక్కించడానికి చాలాసేపు పట్టింది. వేళ్లు మడతపడలేదు. చీర మార్చుకుని, ఆడవాళ్లకు టికెట్ లేని బస్సులో చూపించడానికి ఆధార్ కార్డు సంచిలో పెట్టుకుంది. సంగారెడ్డి బస్సు ఎక్కితే మధ్యాహ్నానికల్లా పెద్ద దవాఖాన దగ్గర దిగొచ్చు. డాక్టర్ నవ్వితే నవ్వనీ. కూర్చుని ఏం చేసిందో మొత్తం చెబుతుంది. తను చేసినదీ, తనకు ముందు చేసినవాళ్లదీ.

ఆమె చెప్పులు వేసుకుంటుంటే అమృతమ్మ గడప దాకా వచ్చింది. ఆపడానికి వచ్చినట్టు లేదు. గుప్పిట ఇంకా మూసే ఉంది.

“వాడొచ్చి అడిగితె ఏం చెప్పాలె బిడ్డ? బ్యాట్లన్ని గట్లనే ఉన్నయ్.”

సుహాసిని వెనక్కి తిరిగి ముక్కాలిపీట వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. ఉన్నట్టే ఉంది.

“వీడియోల చేతులు నావే అంటడు కద అత్తమ్మా. గా చేతులతోనే చుట్టుకొమ్మను.”